నెలలు నిండని శిశువు: ఊపిరి, విటమినులు

37 వారాలు నిండక మునుపే జన్మించిన బిడ్డను నెలలు నిండని శిశువు అంటారు. ఏడవ నెల బిడ్డ దక్కుతుందనీ, ఎనిమిదవ నెల బిడ్డ దక్కదనీ మన ఇండ్లలో ఒక నమ్మకం ఉన్నది. ఎనిమిదవ మాసంలో ఓజస్సు తల్లీబిడ్డల నడుమ నిలకడ లేక సంచరిస్తుందని చరక సంహిత కూడ చెప్పింది. నేటి వైద్యానుభవం మాత్రం వేరు. గర్భంలో అదనంగా గడచిన ప్రతి వారమూ ఇట్టి శిశువుకు బలమే.

ఊపిరి తీరు

ఊపిరితిత్తులలోని గాలిగదులు ముడుచుకొని పోకుండ కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం సుమారు 34 వారాలకు గాని చాలినంత ఏర్పడదు. శ్వాసను నడిపే మెదడు భాగం కూడ అప్పటికి పరిపక్వం కాదు. అందుచేత శిశువు 5 నుండి 10 సెకనుల పాటు ఊపిరి ఆపి, మరల వేగంగా పీల్చడం కద్దు. ఇది చాలవరకు సహజమే. ఆ విరామం 20 సెకనులకు చేరినా, పెదవులు నీలమైనా, డొక్కలు ఎగరవేసినా, ఊపిరి నిమిషానికి 60 సార్లకు మించినా, పాలు త్రాగకున్నా అది అపాయ సూచన. అరికాలిని మృదువుగా రుద్దుతూ వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

విటమినులు

తల్లి నుండి బిడ్డకు ఇనుము అధికభాగం చివరి మూడు నెలలలోనే చేరుతుంది. ముందుగా పుట్టిన బిడ్డకు ఆ నిలువ ఉండదు. కనుక వైద్యులు పుట్టగానే రక్తస్రావ నివారణకు విటమిన్ కె ఇంజక్షను, తరువాత సాధారణంగా రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి, బరువును బట్టి ఇనుము చుక్కలు ఇస్తారు.

విటమినే గదా అని మోతాదు పెంచరాదు. అమెరికాలో 1983–84లో, తగిన పరీక్షలు లేకుండ అమ్మిన విటమిన్ ఇ ఇంజక్షను వలన 38 మంది శిశువులు మరణించారు. విటమిన్ డి చుక్కలలోను ఒక సీసాలో మిల్లీలీటరుకు 400 యూనిట్లుంటే, మరొకదానిలో 800 ఉండవచ్చు. సీసా మారినప్పుడెల్లా మోతాదు మరల అడిగి తెలిసికొనవలెను.

ఇంట చేయదగినది

ముక్కులో నూనె వేయరాదు. అది ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా తేగలదు. కర్పూరం, సాంబ్రాణి పొగ తగవు. తేనె ఏడాది నిండేవరకు నాకించరాదు. తల్లిపాలు, తల్లి రొమ్మున చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టే వెచ్చదనం, శుభ్రమైన చేతులు: ఈ బిడ్డకు ఇంతకు మించిన గృహవైద్యం లేదు.