చంటిపిల్లతో సినిమాకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ బొబ్బిలిలో కొత్త సినిమాకు వెళ్లాం. పాప ఏడుస్తుంటే వెనక వరుసవాళ్లు కసురుకున్నారు. పిల్లలున్నవాళ్లం సినిమా చూడకూడదా?
— ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: ఎందుకు చూడకూడదమ్మా! కాకపోతే కొత్త సినిమా మొదటి రోజు, సెకండ్ షో వద్దు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. అప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. జనం పలచబడ్డాక, మామూలు రోజు మ్యాటినీకి వెళ్లండి.

ముందు సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యు/ఎ సినిమాలకు 7, 13, 16 ఏళ్లని వయసు కూడా వేస్తున్నారు. అది తల్లిదండ్రులకు సూచనే, నిర్ణయం మీదే. 'ఎ' మాత్రం 18 నిండినవాళ్లకే.

మూడేళ్ల పిల్ల ఏడుపు అల్లరి కాదు, భయం. చీకటి, చెవులు దద్దరిల్లే చప్పుడు ఒక్కసారిగా మీద పడతాయి. లైట్లు ఆర్పుతారని ఇంట్లోనే చెప్పండి. స్పీకర్లకు దూరంగా, నడవ పక్క సీటు తీసుకోండి. గొంతు పెగలగానే ఎత్తుకుని బయటికి రండి. మీరూ ఆయనా వంతులు వేసుకోండి. వెనకవాళ్లు కసరడం నాకూ నచ్చలేదు. "కాసేపు బయటికి తీసుకెళ్లండమ్మా" అంటే సరిపోయేది.