చక్రాలపై ఇల్లు: కొనేముందు నాలుగు లెక్కలు

ఐరోపా దేశాలలో కొన్ని కుటుంబాలు సెలవులకు ఇంటినే వెంట తీసుకొని బయలుదేరుతాయి. మంచాలు, పొయ్యి, రిఫ్రిజిరేటరు, స్నానాలగది అన్నీ ఒకే బండిలో ఉంటాయి. దీనినే మోటారు హోమ్ అంటారు. దుకాణంలో మెత్తని పరుపులు, నిగనిగలాడే అల్మారాలు మనసును ఆకట్టుకుంటాయి. కాని అందులో నలుగురు సుఖంగా, క్షేమంగా ఉండగలరా? ఈ ప్రశ్నకు జవాబు పరుపులు చెప్పవు. మీరు బడిలో నేర్చుకున్న లెక్కలు చెబుతాయి. వేసి చూద్దాం.

బరువు: ఇటువంటి బండ్లు చాలావాటికి మొత్తం బరువు 3,500 కిలోలు దాటరాదన్న పరిమితి ఉంటుంది. ఖాళీ బండి 3,000 కిలోలు అనుకోండి. నలుగురు మనుషులు 250 కిలోలు, 100 లీటర్ల నీరు 100 కిలోలు. ఇక బట్టలకు, పాత్రలకు, గ్యాసు సిలిండరుకు, సైకిళ్ళకు మిగిలేది 150 కిలోలే! పరిమితి దాటితే ఏమవుతుంది? ద్రవ్యరాశి పెరిగితే గతిశక్తి పెరుగుతుంది. బ్రేకులు వేసినా బండి మరింత దూరం వెళ్ళిగాని ఆగదు.

నీరు: షవరు నుంచి నిమిషానికి 8 లీటర్లు పడితే, 5 నిమిషాల స్నానానికి 40 లీటర్లు కావాలి. 100 లీటర్ల తొట్టి ఇద్దరికి సరిపోతుంది. మూడవవాడు ఒంటినిండా సబ్బుతో నిలబడవలసిందే!

విద్యుత్తు: 12 వోల్టులు, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండే శక్తి 12 × 100 = 1,200 వాట్-అవర్లు. సీసపు బ్యాటరీ అయితే, అది త్వరగా పాడవకుండా ఉండాలంటే అందులో సగమే వాడుకోవాలి. సగటున 40 వాట్లు తీసుకొనే రిఫ్రిజిరేటరు 600 ÷ 40 = 15 గంటలు నడుస్తుంది. దీపాల మాటేమిటి?

గాలి: అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇదే. బండి లోపల 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉంటే ఘనపరిమాణం 20 ఘనపు మీటర్లు, అంటే 20,000 లీటర్లు. నిద్రించే మనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడు విడుస్తాడు. నలుగురు 8 గంటలు నిద్రిస్తే 384 లీటర్లు. గాలి మారే దారే లేకపోతే తెల్లవారేసరికి అది దాదాపు 2 శాతం అవుతుంది. బయటి గాలిలో ఉండేదానికి ఇది ఇంచుమించు 50 రెట్లు! అందుకే బండికి గాలి రంధ్రాలు పెడతారు. చలి వేస్తోందని వాటిని గుడ్డలతో మూసి, వెచ్చదనానికి పొయ్యి వెలిగించడం ప్రాణాంతకం. ఆక్సిజన్ చాలక గ్యాసు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారు ఇక లేవకపోవచ్చు. కనుక కొనేవారు పరుపును నొక్కి చూసేముందు గాలి రంధ్రాలు ఎక్కడున్నాయో, ఈ వాయువును పసిగట్టి మోగే గంట ఉందో లేదో చూడాలి.

చేసి చూడండి: మీరు నిద్రించే గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. తలుపులు, కిటికీలు అన్నీ మూసి మీ ఇంటివారందరూ 8 గంటలు నిద్రిస్తే కార్బన్ డయాక్సైడు ఎంత శాతం అవుతుందో లెక్కకట్టండి. ఆ తరువాత కిటికీ తెరవాలో వద్దో మీరే నిర్ణయించండి.