శరీరమునకు అంటు కట్టుట

నారు తీసి నాటుటకును, మామిడికి అంటు కట్టుటకును గల భేదము రైతునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. వైద్యులు శరీరమును గూర్చి వాడు మాటలును ఈ తోటపనుల నుండి వచ్చినవే. ఈ మాటలు తారుమారగుటచే గ్రామములలో కలుగు నష్టము కొంచెము కాదు. కనుక పంచాయతీ సభ్యులు వీనిని తెలిసికొనుట అవసరము.

కాలిన గాయము మానుటకు రోగి తొడనుండి పలుచని చర్మపు పొరను తీసి గాయముపై పరచుదురు. ఇది అంటు. గాయము అడుగునుండి సూక్ష్మనాళములు పెరిగి ఆ పొరను బ్రతికించును. ఇతరుల చర్మమైనచో కొన్ని వారములలో ఊడిపోవును. వేపచెట్టుపై మామిడి అంటు నిలుచునా? అయినను పెద్ద గాయములకు అది తాత్కాలికముగా కప్పుగా పనికివచ్చును.

మూత్రపిండము సంగతి వేరు. ఇచ్చట అవయవము మొత్తమును తెచ్చి, దాని రక్తనాళములను రోగి నాళములతో కలిపి కుట్టుదురు. ఇది మార్పిడి. మాటను బట్టి పాతదానిని తీసివేయుదురని తలంపరాదు. సాధారణముగా పాతవి యథాస్థానముననే యుండును. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టను నగరమున ఒకే రూపు కవల సోదరుల నడుమ ఇది సఫలమైనది. కవలలు కానివారు, శరీరము పరాయి అవయవమును త్రోసివేయకుండ, అది పనిచేయునంత కాలము మందులు వాడవలెను. కొమ్మ కోసిన చెట్టు మరల చిగిర్చును గాని, ఇచ్చివేసిన మూత్రపిండము మరల మొలవదు. అప్పు తీరునని ఆశ చూపు దళారులు వచ్చినచో, అవయవముల క్రయవిక్రయములు 1994నాటి కేంద్ర శాసనము ప్రకారము నేరమని సభ్యులు స్పష్టముగా చెప్పవలెను.

శుక్లము తీసి కంటిలో పెట్టు కటకము ఈ రెంటిలో దేనికిని చెందదు; అది నిర్జీవ వస్తువు.

ఎక్కువ అపోహ నేత్రదానము విషయముననే కలదు. "కన్ను మార్చుట" అని జనులందురు. మార్చునది కన్ను కాదు. నల్లగ్రుడ్డుకు ముందుండు పారదర్శకమగు పొర, అనగా కార్నియా మాత్రమే. ఆ పొర తెల్లబారి చూపు పోయినవారికే ఇది ఉపకరించును. కంటినరము చెడినవారికి ప్రయోజనము లేదు. ఈ పొరలో రక్తనాళములు లేకుండుటచే తిరస్కారము తక్కువ. కావుననే మూత్రపిండముకంటె ఎంతో ముందు, 1905లోనే, ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు దీనిని సాధింపగలిగెను.

వృద్ధులును, కళ్ళజోడు వాడినవారును, శుక్లము తీయించుకొన్నవారును నేత్రదానమునకు అర్హులే. ముఖము వికారమగునను భయము అక్కరలేదు. సాధారణముగా మరణించిన ఆరు గంటలలోపల ఈ పని జరుగవలెను. కనుక కుటుంబము సమ్మతించిన వెంటనే నేత్రనిధికి కబురు పంపి, వారు వచ్చువరకు రెప్పలు మూసి, వానిపై తడిదూది యుంచి, తలక్రింద దిండు పెట్టి, ఫ్యాను ఆపివేయవలెను.