కెర్మాన్: మట్టి, నీళ్ళు, ఒక పగులు

పోయినేడాది మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మట్టిగోడల ఇల్లు పడగొట్టారు. అంతకుముందు అమ్మమ్మ నన్నే అడిగింది, "నువ్వు ఇదే చదువుతున్నావు కదరా, ఉంచమంటావా తీసెయ్యమంటావా?" అని. అప్పటికి సివిల్‌లో చేరి రెండేళ్ళు. పెద్ద ఇంజనీరులా "మట్టికి స్ట్రెంత్ ఎక్కడుంటుంది అమ్మమ్మా, తీసేయించు" అన్నాను. ఆ మాట సరైనదేనా అన్న అనుమానం ఇల్లు పోయాక మొదలైంది. సెమినార్‌కి మట్టి కట్టడాలు అనే టాపిక్ తీసుకున్నది అందుకే. అది నన్ను ఇరాన్‌లోని కెర్మాన్ ప్రావిన్స్‌కి తీసుకెళ్ళింది. మనిషిని వెళ్ళలేదు లెండి, మ్యాపుల్లో, శాటిలైట్ ఫొటోల్లో తిరిగాను.

కెర్మాన్ ఇరాన్‌కి ఆగ్నేయాన ఉంది. వైశాల్యంలో ఆ దేశంలో అన్నిటికన్నా పెద్ద ప్రావిన్స్, మన ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. దాని తూర్పు వైపు లూత్ ఎడారి. 2005లో శాటిలైట్ ఇక్కడి నేల ఉపరితల ఉష్ణోగ్రతని 70.7 డిగ్రీలుగా కొలిచింది. ఇది గాలి వేడి కాదు, నేల చర్మం వేడి. మన వార్తల్లో చెప్పే 45 డిగ్రీలతో దీన్ని పోల్చకూడదు. ఎండాకాలం నెలల తరబడి వీచే గాలి మెత్తటి మట్టిని కోసేసి, కిలోమీటర్ల పొడవున గట్లు గట్లుగా మిగిల్చింది. వాటిని కలూత్‌లు అంటారు. ఫొటోలో చూస్తే పాడుబడ్డ నగరంలా ఉంటాయి, మనిషి చెయ్యి పడింది మాత్రం లేదు. అక్కడే నల్లటి అగ్నిశిల పరుచుకున్న ఒక చోటుకి గందుమ్ బెరియాన్ అని పేరు, అంటే వేయించిన గోధుమలు. ఎవరో గోధుమ మూటలు వదిలి వెళ్తే ఆ ఎండకే వేగిపోయాయట. 2016లో లూత్ యునెస్కో జాబితాలో చేరింది.

ఇక అసలు సంగతి, బమ్. ఈ ఊళ్ళో కోట మొత్తం ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో, పొరలు పొరలుగా పేర్చిన మట్టితో కట్టింది. ప్రపంచంలో ఇంత పెద్ద మట్టి కట్టడం ఇంకోటి లేదంటారు. మూలాలు రెండు వేల ఏళ్ళకి పైబడినవి. 7 నుంచి 11వ శతాబ్దం దాకా పట్టు, నూలు బట్టల వ్యాపారంతో వెలిగిపోయింది. 2003 డిసెంబర్ 26, శుక్రవారం, తెల్లవారుజామున అయిదున్నర కావస్తుండగా 6.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. కోట కూలిపోయింది. ఊరూ కూలింది. సుమారు 26 వేల మంది చనిపోయారు.

"చూశావా, మట్టి!" అనుకున్నాను నేను కూడా. తర్వాత వివరాలు చదివితే కథ అంత సులువుగా లేదు. కోటలో అప్పటికి జనం కాపురం లేదు. ప్రాణాలు పోయింది ఊళ్ళో ఇళ్ళలో. వాటిలో చాలా మట్టి ఇళ్ళే, నిజం. గోడ బరువు ఎంత ఎక్కువైతే ఊగినప్పుడు దాని మీద పడే బలం అంత ఎక్కువ. మట్టి ఒత్తిడికి ఓర్చుకుంటుంది కానీ లాగితే విడిపోతుంది. పైగా కూలినప్పుడు పొడిపొడి అయిపోయి, కింద ఉన్నవాళ్ళకి ఊపిరి తీసుకునే సందు కూడా మిగల్చదు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కానీ ఇనుప దూలాల మీద ఇటుక ఆర్చీలు వేసిన కొత్తరకం స్లాబులు కూడా పడ్డాయి, ఎందుకంటే దూలాలకీ గోడలకీ సరైన కట్టు లేదు. అంటే పదార్థం ఒక్కటే కాదు, మూలల దగ్గర, పైకప్పు దగ్గర ఏది దేన్ని పట్టుకుని ఉందన్నదీ ముఖ్యం. మట్టి ఇళ్ళని భూకంపానికి తట్టుకునేలా కట్టడానికి మన దగ్గరే ఐఎస్ 13827 అనే మార్గదర్శకం 1993 నుంచి ఉంది. అమ్మమ్మకి సలహా ఇచ్చిన రోజు నేను దాని పేరు కూడా వినలేదు.

మరి అంత ప్రమాదమున్న చోట ఊరెందుకు కట్టుకున్నారు? నీళ్ళ కోసం. ఈ ఎడారి అంచున బతుకంతా ఖనాత్‌ల మీదే. కొండ వాలులో నీరు తగిలేదాకా ఒక తల్లిబావి తవ్వుతారు. అక్కణ్ణుంచి ఊరివైపు చాలా తక్కువ వాలుతో సొరంగం. మట్టి తీయడానికీ గాలికీ మధ్యమధ్యలో నిలువు బావులు. మోటారు లేదు, కరెంటు లేదు, నీరు దానంతటదే నడిచొస్తుంది. వాలు ఎక్కువైతే నీరు సొరంగాన్ని కోసేస్తుంది, తక్కువైతే పూడిక పడుతుంది. లెవెలింగ్ ప్రాక్టికల్‌లో రీడింగ్ తప్పితే మనం మళ్ళీ తీసుకుంటాం. చీకట్లో నేల కింద తవ్వేవాడికి ఆ వీలు లేదు.

బమ్ దగ్గర ఇంకో విచిత్రం. బమ్‌కీ పక్కనున్న బరావత్‌కీ మధ్య భూమి పగులు వల్ల ఒక గట్టు లేచింది. అది నేల కింద ఆనకట్టలా నీటిని ఆపి పైకి తెచ్చింది. ఖనాత్‌లు, ఖర్జూర తోటలు, ఊరు అన్నీ దాని చలవే. 2003లో ప్రధానంగా కదిలింది అది కాదు, దానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, అంతవరకూ ఎవరూ గుర్తించని ఇంకో పగులు. నీళ్ళిచ్చిన గట్టూ ప్రాణాలు తీసిన కదలికా ఒకే కుటుంబానివి.

కోటని తర్వాత మళ్ళీ కడుతూ వచ్చారు. 2004లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో పెట్టి, 2013లో అందులోంచి తీసేసింది.

ఇదే ప్రావిన్స్‌లో రాతిని తొలిచి ఇళ్ళు చేసుకున్న మెయ్‌మంద్ అనే ఊరుంది, దాని గురించి ఇంకోసారి. మాహాన్‌లోని షాజ్‌దే తోట మాత్రం చెప్పాలి. చుట్టూ బోసి నేల, మధ్యలో మెట్లు మెట్లుగా దిగే నీళ్ళు, వాలు బలంతోనే ఎగిరే ఫౌంటెన్‌లు. కట్టించిన గవర్నర్ చనిపోయాడన్న కబురు రాగానే మేస్త్రీ చేతిలో గచ్చు అక్కడే పడేసి వెళ్ళిపోయాడని అంటారు.

అదే మాహాన్‌లో సూఫీ గురువు షా నేమతుల్లా వలీ సమాధి ఉంది. దాన్ని 1436లో కట్టించింది ఎవరో చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మన దక్కన్‌ని ఏలిన బహమనీ సుల్తాన్ అహ్మద్ షా! రాజధానిని బీదర్‌కి మార్చిన ఆయనే. గురువు మనవడు బీదర్‌కి వచ్చి స్థిరపడ్డాడు. ఆ బీదర్‌లో నేల కింద బహమనీల కాలం నాటి ఖనాత్ ఒకటి ఉంది, అక్కడ కరేజ్ అంటారు. హైదరాబాద్ నుంచి మూడు గంటల ప్రయాణం. ల్యాబ్ ఎగ్జామ్స్ అయ్యాక వెళ్తున్నాను, బస్సులోనే. ఎవరైనా వస్తారా?