నోటికన్నా ముందు చెవి

ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాను. జర్మనీకి రావాలనుకునే మన పిల్లలు ఫోన్ చేస్తే మొదట అడిగేది, “అంకుల్, స్పీకింగ్‌లో ఏం అడుగుతారు?” అనే. లిజనింగ్ సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. పైకి మాట తడబడినట్టు కనిపించినా, చాలామందికి ముందు దెబ్బ తినేది వినడంలోనే. వాళ్లకు చెబుతూ వచ్చినవే ఇక్కడ రాస్తున్నాను.

1. ఫీజు కట్టేముందు ఏ పరీక్ష కావాలో తేల్చుకోండి. 2024 జూన్‌లో మొదలైన ఛాన్సెన్‌కార్టెకు (ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసా) పాయింట్ల దారిలో వచ్చేవాళ్లకు జర్మన్ ఏ1 స్థాయి గానీ ఇంగ్లిష్ బీ2 స్థాయి గానీ ఉండాలి. కనీసం 6 పాయింట్లు రావాలి. ఆ లెక్కలో జర్మన్ బీ2కి 3 పాయింట్లు, ఇంగ్లిష్ సీ1కి ఒక్కటే. భర్త దగ్గరికో భార్య దగ్గరికో వచ్చేవాళ్లకు జర్మన్ ఏ1 నిబంధన 2007లో పెట్టారు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల జీవిత భాగస్వాములకు మాత్రం అది అక్కర్లేదు. ఆ సంగతి తెలియక పెళ్లయిన వెంటనే కోచింగ్‌లో చేరి, నెలల తరబడి కాపురానికి దూరంగా ఉండిపోయిన అమ్మాయిలున్నారు.

2. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో 40 ప్రశ్నలుంటాయి, రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. ఒక జవాబు జారిపోతే వదిలేయండి. పోయిన బస్సు వెనక పరిగెత్తితే వచ్చే బస్సు కూడా పోతుంది. ఇంట్లో సినిమాలు సబ్‌టైటిల్స్‌తో చూసి “నాకంతా అర్థమవుతుంది” అనుకుంటారు. అర్థమయ్యేది కంటికి. ఒక వారం అవి తీసేసి చూడండి, అసలు సంగతి బయటపడుతుంది.

3. జర్మన్‌కు గోథే సంస్థ పెట్టే ఏ1 పరీక్ష కాస్త దయగలది. వినే విభాగంలో మొదటి భాగం, మూడో భాగం రెండేసి సార్లు వినిపిస్తారు. మధ్యలో వచ్చే స్టేషన్, దుకాణం ప్రకటనలు మాత్రం ఒక్కసారే. మనవాళ్లు అంకెల దగ్గరే బోల్తా పడతారు. జర్మన్లు 53ను “మూడు, యాభై” అనే వరసలో చెబుతారు. మనం విన్న వరసలో రాసేస్తే ఫోన్ నంబరులో 53 కాస్తా 35 అయి కూర్చుంటుంది. “హాల్ప్ ఫియర్” అంటే మూడున్నర, నాలుగున్నర కాదు. వ్యాకరణం పుస్తకం మూసి ధరలు, టైములు, ఫోన్ నంబర్లు వినండి.

4. పేరు స్పెల్లింగ్ సాధన చేయండి. ఏ1 మాట్లాడే పరీక్షలో పేరు, వయసు, దేశం, ఊరు, భాషలు, ఉద్యోగం, హాబీ చెప్పాక, ఏదో ఒకటి అక్షరాలు విడగొట్టి చెప్పమంటారు. జర్మన్‌లో మొదటి అక్షరం పేరు ‘ఆ’. ఇంగ్లిష్ అలవాటుతో ‘ఏ’ అన్నారంటే ఎదుటివాళ్లు ఐదో అక్షరం రాసుకుంటారు. ‘ఈ’ అన్నారంటే తొమ్మిదోది రాసుకుంటారు. రమేష్ కాస్తా రెమిష్ అయిపోతాడు. ఇక మన ఇంటిపేర్ల పొడుగు సంగతి చెప్పక్కర్లేదు. పరీక్ష ఒక ఎత్తు, ఇక్కడికొచ్చాక ఆసుపత్రి కౌంటర్‌లో, బ్యాంకులో, కరెంటు కంపెనీ ఫోన్‌లో రోజూ అదే పని. ఈ ఒక్క సాధన ఎన్ని ఏళ్లయినా వృథా పోదు.

5. బట్టీ వద్దు. అమీర్‌పేటలో, విజయవాడలో “ఈ సీజన్ క్యూ కార్డులు” అని ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ టాపిక్‌లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. టాపిక్ కలిసినా, ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాక, ఎగ్జామినర్ అక్కడి నుంచి కొత్త ప్రశ్నలు లాగుతారు. బట్టీ పట్టినవాడు అప్పుడు ప్రశ్న వినడు, తనకొచ్చిన జవాబు కోసం వెతుక్కుంటాడు. గోథే ఏ1లో అయితే చాలా ప్రశ్నలు అడిగేది పక్కన కూర్చున్న మరో అభ్యర్థి. వాళ్ల ఉచ్చారణ కూడా మీలాంటిదే. అయినా వినాలి.

6. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అర్థం కాకపోయినా తలూపడం మర్యాద. ఇక్కడ ఆ మర్యాద ముంచుతుంది. జర్మన్‌లో “వీ బిట్టె?” అంటే చాలు, తప్పు పట్టరు. తలూపి సంబంధం లేని జవాబు చెబితేనే మార్కులు పోతాయి.

7. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. తొందరపడి ముందే రాసి దాచుకోకండి.

8. ఇంగ్లిష్‌తో వీసా వచ్చిందని చెవికి సెలవివ్వకండి. ఇంగ్లిష్‌లో మాస్టర్స్ చదివే పిల్లలకు క్లాసులో ఇబ్బంది ఉండదు. ఇల్లు అద్దెకిచ్చే ముసలాయన ఫోన్ చేసినప్పుడు, రైలు ప్లాట్‌ఫాం మారిందని స్టేషన్‌లో మైకు చెప్పినప్పుడు జర్మన్ వినడం ఎంత అవసరమో తెలుస్తుంది. జర్మన్ ప్రసార సంస్థ డాయిచ్‌ వెల్లె వాళ్లు వార్తల్ని నెమ్మదిగా చదివి ఉచితంగా వినిపిస్తారు. మొదటి మెట్టు మీదున్నవాళ్లకు అవి కష్టం. వాళ్లు ‘నికోస్ వేగ్’ వీడియో పాఠాలతో మొదలుపెట్టాలి, అవీ ఉచితమే, ఏ1 నుంచి బీ1 దాకా ఉన్నాయి. ఒకసారి తెర చూస్తూ, ఇంకోసారి ఫోన్ బోర్లించి వినండి.