పాఠం 14: జారే రోడ్డు మీద నాలుగు చక్రాల పట్టు

14.1 పరిచయం

హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి నుంచి లాహౌల్ లోయకు వెళ్ళే దారిలో అటల్ సొరంగం ఉంది. దీని పొడవు 9.02 కిలోమీటర్లు. 2020 అక్టోబరు 3న దీన్ని ప్రారంభించారు. సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైన ఉన్న ఈ ప్రాంతంలో చలికాలంలో రోడ్డు మీద మంచు గట్టిపడుతుంది.

ఆ దారిలో మీరు కారు నడుపుతున్నారనుకోండి. మీ కారులో ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉంది. ఎదురు వాలును కారు సులువుగా ఎక్కేసింది. మీకు ధైర్యం వచ్చింది. తిరుగు ప్రయాణంలో అదే వాలు దిగుతూ బ్రేకు వేశారు. కారు ఆగలేదు, జారుతూ పోయింది.

ఎక్కిన కారు దిగేటప్పుడు ఎందుకు ఆగలేదు? ఈ పాఠంలో దీనికి సమాధానం తెలుసుకుందాం. మీరు డ్రైవరు అయినా, మెకానిక్కు పని నేర్చుకుంటున్నా, కారులో వెనుక కూర్చొనే ప్రయాణికులు అయినా ఈ విషయం మీకు అవసరమే.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- టైరుకు, రోడ్డుకు మధ్య పట్టు అంటే ఏమిటో వివరించగలుగుతారు.
- ట్రాక్షన్ కంట్రోల్ పనిచేసే విధానాన్ని చెప్పగలుగుతారు.
- జారే రోడ్డు మీద కారు ఆగడానికి పట్టే దూరాన్ని లెక్కగట్టగలుగుతారు.

14.3 పట్టు అంటే ఏమిటి?

గచ్చు మీద నీళ్ళు పడితే కాలు జారుతుంది. కాలిలో బలం తగ్గిందా? లేదు. కాలికి, గచ్చుకు మధ్య ఘర్షణ తగ్గింది. కారు విషయమూ అంతే. ఇంజను ఎంత శక్తిగలదైనా టైరు రోడ్డును పట్టుకోగలిగినంత మేరకే ఆ శక్తి ఉపయోగపడుతుంది.

ఈ పట్టును ఘర్షణ గుణకం అనే సంఖ్యతో కొలుస్తారు. సుమారు విలువలు ఇవి:
- పొడి తారు రోడ్డు: 0.7
- తడి తారు రోడ్డు: 0.4
- గట్టిపడిన మంచు: 0.2
- నున్నని గడ్డకట్టిన మంచు: 0.1

కారు బరువును ఈ సంఖ్యతో గుణిస్తే మనకు దొరికే గరిష్ఠ పట్టు వస్తుంది. కారు కదలడానికి, మలుపు తిరగడానికి, ఆగడానికి ఈ పట్టే ఆధారం. ఇది ఒక్కటే ఖాతా అనుకోండి. ఒక పనికి ఎక్కువ వాడితే ఇంకో పనికి మిగిలేది తక్కువ.

14.4 నాలుగు చక్రాలకూ శక్తి ఎందుకు?

1,500 కిలోల కారు గట్టిపడిన మంచు మీద ఉంది. దొరికే పట్టు 1,500 × 0.2 = 300 కిలోల బలం. ప్రతి 10 మీటర్లకు 1 మీటరు ఎత్తు పెరిగే వాలు ఆ కారును సుమారు 150 కిలోల బలంతో కిందికి లాగుతుంది.

రెండు చక్రాలకే శక్తి అందే కారులో, ఆ రెండింటి మీద సుమారు సగం బరువే ఉంటుంది. కాబట్టి పైకి లాగే పట్టు 150 కిలోలే. అది వాలు లాగే బలానికి సరిపోతుంది, కారు ముందుకు కదలదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే కారు మొత్తం 300 కిలోల పట్టునూ వాడుకుంటుంది. అందుకే అది ఎక్కగలుగుతుంది.

14.5 ట్రాక్షన్ కంట్రోల్ పని

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. అందుకు వీలు కల్పించేది డిఫరెన్షియల్. అయితే దీనిలో ఒక ఇబ్బంది ఉంది. ఒక చక్రం మంచు మీద ఊరికే తిరిగిపోతూ ఉంటే, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ తగినంత బలం అందదు. నాలుగు చక్రాల కారులో కూడా, డిఫరెన్షియళ్ళకు తాళం వేసే ఏర్పాటు లేకపోతే, ఒక్క చక్రం జారి బండిని నిలబెట్టేయగలదు.

ట్రాక్షన్ కంట్రోల్ ఈ లోపాన్ని సరిచేస్తుంది. ఎలాగో వరుసగా చూడండి.
1. ప్రతి చక్రం దగ్గర ఉన్న సెన్సరు దాని వేగాన్ని కొలుస్తుంది.
2. ఒక చక్రం మిగిలినవాటి కంటే మరీ వేగంగా తిరిగితే అది జారుతున్నదని కంప్యూటరు గుర్తిస్తుంది.
3. ఆ ఒక్క చక్రానికే బ్రేకు పడుతుంది. అప్పుడు బలం పట్టున్న చక్రానికి చేరుతుంది.
4. అవసరమైతే ఇంజను శక్తి కూడా తగ్గుతుంది.

ఆ సమయంలో డ్రైవరు ముందున్న పలకలో ఒక దీపం మినుకుమంటుంది. అది చెడిపోయిన గుర్తు కాదు. "రోడ్డు జారుతోంది, నెమ్మదించు" అని చెప్పే హెచ్చరిక.

లోతైన మంచులోనో ఇసుకలోనో కారు కూరుకుపోతే ఈ ఏర్పాటు శక్తిని తగ్గించి కారును కదలనివ్వకపోవచ్చు. అప్పుడు కారు పుస్తకంలో చెప్పిన విధంగా దాన్ని ఆపి, కారు బయటపడగానే మళ్ళీ వేయాలి.

పాఠ్యగత ప్రశ్నలు

ఖాళీలు పూరించండి.
1. కారు బరువును ______తో గుణిస్తే గరిష్ఠ పట్టు వస్తుంది.
2. ట్రాక్షన్ కంట్రోల్ జారుతున్న చక్రానికి ______ వేస్తుంది.

14.6 ఆపే పని వేరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఒక్క విషయం గమనించండి. శక్తి రెండు చక్రాలకే అందే కారులో కూడా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. కాబట్టి బ్రేకు వేసినప్పుడు రెండు రకాల కార్లకూ దొరికే పట్టు ఒక్కటే. నాలుగు చక్రాల శక్తి ఆగే దూరాన్ని తగ్గించదు. ట్రాక్షన్ కంట్రోల్ కూడా కారు ముందుకు లాగేటప్పుడు జారే చక్రాన్ని చూసుకునేదే కానీ, కారును ఆపేది కాదు.

గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు 10 మీటర్లు. ఆ వేగంలో సమతల రోడ్డు మీద బ్రేకు పడిన తర్వాత కారు ఆగే దూరం సుమారుగా ఇలా ఉంటుంది:
- పొడి రోడ్డు: 7 మీటర్లు
- తడి రోడ్డు: 12.5 మీటర్లు
- గట్టిపడిన మంచు: 25 మీటర్లు
- నున్నని గడ్డకట్టిన మంచు: 50 మీటర్లు

ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి ఒక సెకను పట్టినా మరో 10 మీటర్లు కలపాలి. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది.

దిగుడు వాలు ఇంకా కష్టం. మన కారుకు ఉన్న 300 కిలోల పట్టులో 150 కిలోలు వాలు లాగుడును ఎదుర్కోవడానికే సరిపోతాయి. ఆపడానికి మిగిలేది 150. అంటే 25 మీటర్ల దూరం 50 మీటర్లవుతుంది. నున్నని మంచయితే మొత్తం పట్టే 150 కిలోలు. ఆపడానికి ఏమీ మిగలదు!

ఎక్కగలిగిన కారు ఆగగలదని అనుకోవడమే ఇక్కడి ప్రమాదం.

14.7 పాటించవలసిన జాగ్రత్తలు

- వాలు మొదలుకాక ముందే వేగం తగ్గించి, చిన్న గేరులోకి మార్చండి.
- మలుపుకు ముందే బ్రేకు వేయండి. మలుపులో బ్రేకు, స్టీరింగు రెండూ గట్టిగా వాడకండి.
- చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏ.బి.ఎస్. ఉన్న కారులో అత్యవసరంగా ఆపవలసివస్తే బ్రేకును గట్టిగా తొక్కి ఉంచండి. పెడలు అదిరినా కాలు తీయకండి.
- టైరు గాడుల్లో ఉండే అరుగుదల గుర్తు 1.6 మి.మీ. లోతును తెలుపుతుంది. టైరు అక్కడిదాకా అరిగితే మార్చండి.
- మంచు రోడ్డు మీద చక్రాలకు గొలుసులు కట్టండి. అవి పట్టునే పెంచుతాయి.

మన ఊళ్ళలో మంచు లేకపోవచ్చు. ఎండాకాలం తర్వాత పడే తొలి వానలో రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసి జిగటగా మారతాయి. అప్పుడూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

14.8 మీరు ఏం నేర్చుకున్నారు?

- పట్టును ఇచ్చేవి టైరు, రోడ్డు. యంత్రాలు దాన్ని పంచుతాయే కానీ పెంచలేవు.
- నాలుగు చక్రాల శక్తి, ట్రాక్షన్ కంట్రోల్ కలిసి కారు కదలడానికి, ఎక్కడానికి తోడ్పడతాయి.
- ఆగే దూరాన్ని తగ్గించే ఉపాయం డ్రైవరు చేతిలోనే ఉంది. అది వేగం తగ్గించడం.

14.9 పాఠాంత ప్రశ్నలు

1. ఒకే వాలును ఎక్కిన కారు దిగేటప్పుడు ఎందుకు జారవచ్చు? మీ సొంత మాటల్లో రాయండి.
2. తడి రోడ్డు మీద గంటకు 72 కిలోమీటర్ల వేగంలో బ్రేకు దూరం ఎంత?

జవాబులు

పాఠ్యగత ప్రశ్నలు: 1. ఘర్షణ గుణకం 2. బ్రేకు
పాఠాంత ప్రశ్నలు: 1. 14.6 భాగం మళ్ళీ చదవండి. 2. 12.5 × 4 = 50 మీటర్లు