రాజు నమ్మిన సరంగు



పరదేశమున కొలువునకు పోవుచు, అచ్చటి పెద్దల నమ్మకమును పొందుటెట్లని నీవడిగితివి. సూత్రములు చెప్పుటకంటె, హవాయి ద్వీపములలో నలువదియైదేండ్లు మెలగిన జాన్ యంగ్ అను ఆంగ్ల నావికుని వృత్తాంతము వ్రాయుట మేలని తోచినది.

1790లో యంగ్, సైమన్ మెట్‌కాఫ్ అను అమెరికా వర్తకుని 'ఎలినోరా' ఓడపై సరంగు. ఒక పడవ దొంగతనమునకును, కావలివాని హత్యకును ప్రతీకారముగా ఆ మెట్‌కాఫ్, మావీ ద్వీపమున ఓలోవాలు తీరములో, బేరమునకై పడవలలో వచ్చిన జనులపై ఫిరంగులు పేల్పించి నూర్గురికి పైగా చంపించెను. అంతకు పూర్వమే అతనిచేత దెబ్బలు తిని అవమానితుడైన కమెయెయామోకు అను నాయకుడు, మెట్‌కాఫ్ కుమారుని చిన్న ఓడను పట్టుకొని, అందలి నావికుడు ఐజాక్ డేవిస్ తప్ప తక్కినవారినెల్ల కడతేర్చెను. ఈ వార్త పెద్ద ఓడయైన ఎలినోరాకు చేరరాదని, హవాయి ద్వీపమున ఏలుచున్న కమెహమేహా ప్రభువు, ఒడ్డున దిగియున్న యంగును మరలిపోనీయలేదు. ఓడ కొన్నాళ్లు వేచి వెడలిపోయెను. బందీతనముతో మొదలైన బంధమిది, నాయనా. తొలుత యంగ్, డేవిస్ ఇద్దరును పారిపోజూచిరి కూడ.

అయినను రాజు వారిని ఆదరించి, భూములిచ్చి, తన కొలువున నిలుపుకొనెను. వారును అతని సేనకు ఫిరంగులు, తుపాకులు ప్రయోగించుట నేర్పి, ఆ యేడే మావీలోని ఈయావో లోయ యుద్ధములోను, 1795లో నువాను యుద్ధములోను అతని పక్షమున పోరిరి. కాని తుపాకులు తెచ్చిన తెల్లవారు ఆ తీరములకు ఎందరో వచ్చిరి, సరకు అమ్ముకొని పోయిరి. అట్లు వచ్చిపోయినవారు రాజునకు ఆంతరంగికులు కాలేదు. ఆంగ్ల నౌకాధిపతి వాంకూవర్ ఓడలు వచ్చి స్వదేశమునకు దారి తెరచినప్పుడు, పోగలిగియు పోక, అచ్చటనే ఉండెదనని యంగ్ నిశ్చయించుకొనుటయే ఆతని జీవితమునకు మూలస్తంభమని నా దృఢవిశ్వాసము.

పిమ్మట 1802 మొదలు సుమారు పదేండ్లు పెద్దదీవియైన హవాయికి పాలకుడయ్యెను. ఆ దీవిలోని కవాయిహేలో ఆతడు కట్టుకొన్న ఇల్లు విను: రాతిగోడలు పాశ్చాత్యరీతివి, గచ్చు మాత్రము పగడపురాళ్లు కాల్చిన సున్నములో ఇసుక, వెండ్రుకలు, ఆ దీవులవారి నిత్యాహారమైన చేమదుంపల గుజ్జు కలిపి చేసినది. రాజు బంధువైన కఓఆనాఎహాను వివాహమాడి అచ్చటనే సంసారము సాగించెను. 1816లో రష్యావారు హోనలూలులో కోట కట్టజూచినప్పుడు వారిని వెడలగొట్టుటకు రాజు పంపినవారిలో ఈ వృద్ధుడును ఉండెను.

నీవు పోవుచోట నీ విద్యకు వారు జీతమిత్తురు. నమ్మకమునకు మాత్రము వారి మేలులో నీ మేలు కలిసియుండవలెను. ఏండ్లు పట్టినను తొందరపడకుము.

యంగ్ 1835లో హోనలూలులో మరణించెను. ఆతని మనుమరాలు ఎమ్మా, నాలుగవ కమెహమేహాకు పట్టమహిషియయ్యెను. ఆతని సమాధి నేడు హవాయి రాజుల శ్మశానవాటికయైన మౌనా అలాలో ఉన్నది.